ఎండకు పోని మరక

పొద్దున్నే గానుగమ్మ బట్టలు ఆరేస్తోంది. బట్టలు ఆరేయడంలో కూడా ఆవిడకో పట్టింపు ఉంది. పెద్దవి గోడ వైపు, చిన్నవి వాకిలి వైపు, పాప గుడ్డలు మాత్రం అన్నిటికంటే ముందు ఎండ పడే చోట. ఎవరైనా సాయం చేయబోతే వద్దనదు, తరువాత వచ్చి మొత్తం తీసి మళ్ళీ ఆరేస్తుంది. భర్త ఉన్నంతకాలం ఆయనతో సమానంగా నూనె గానుగ నడిపిన మనిషి. గానుగ మూతపడి చాలా ఏళ్ళయినా వీధిలో ఆ పేరు మాత్రం పోలేదు.

బుట్టలో చివరగా పాపను చుట్టే తెల్ల దుప్పటి మిగిలింది. దులిపి చూస్తే నడిమధ్యన అరచేతంత ఎర్ర మరక.

"అమ్మాయ్, ఇదేంటి, కూర మరకా?"

"కాదత్తయ్యా, నూనెది. నిన్న సాయంత్రం పళ్ళెం ఒలికింది చూడండి, అప్పటిది." కోడలు గుమ్మంలో కూర్చుని పాపకు పాలిస్తోంది. "సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోలేదు."

గానుగమ్మ దుప్పటిని వెలుగులోకి పట్టి చూసింది. తన చేత్తో కాచి శుభ్రం చేసిన నూనెకు ఇంత ఎరుపు ఎక్కడిది? మంట చాలలేదా? చెయ్యి తప్పిందా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నూనెలో మునిగి తేలిన మనిషికి నూనె కాచడం రాలేదంటే అంతకన్నా తలవంపులు ఉంటాయా? ఆ సంగతి కోడలికి తెలియడం ఆవిడకు ఇష్టం లేదు. అందుకని పైకి మాత్రం, "రుద్దకూడదు తల్లీ. ఎర్ర నూనె మరక సబ్బుకు లొంగదు, ఎండకు లొంగుతుంది. మధ్యాహ్నానికల్లా ఎక్కడుందో నువ్వే వెతుక్కుంటావు" అని దుప్పటిని ఎండ దంచే చోట పరిచింది.

నిన్న సాయంత్రం జరిగింది తలుచుకుంటే కోడలికి ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటోంది. ఒక చేత్తో దుప్పటిలో చుట్టిన పాపను, ఇంకో చేత్తో భర్త నూనె అన్నం కలిపిచ్చిన పళ్ళెం పట్టుకుని గదిలోకి వెళ్తోంది. మసక వెలుతురులో మిగతా అందరికీ గుమ్మం కనబడుతోంది, తనకు మాత్రం కనబడటం లేదు. భుజం ద్వారబంధానికి కొట్టుకుంది, పళ్ళెం ఎగిరి దుప్పటి మీద పడింది. పాప కెవ్వుమంది. పాపకు చీమ కుట్టినంత దెబ్బ కూడా తగల్లేదు గానీ, తల్లి మాత్రం చాలాసేపు ఆ గుమ్మం దగ్గరే కూలబడి ఉండిపోయింది.

ఆమె బస్సు డ్రైవరు. పెద్ద బస్సును ఇరుకు సందులో వెనక్కి తిప్పమంటే కూనిరాగం తీస్తూ తిప్పేది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నా ఇమిడేది కాదు, అంతా వాంతయ్యేది. నెలలు నిండుతుండగా ఒక సాయంత్రం డిపో గేటు స్తంభం చివరి క్షణందాకా కనబడక, బస్సును దాని పక్కనుంచి వెంట్రుకవాసిలో తప్పించింది. మర్నాడే క్లినిక్‌కి వెళ్ళింది. నర్సు రేచీకటి అని చెప్పింది. ఒంట్లో విటమిన్ ఎ అడుగంటిపోయిందట. "కడుపులో బిడ్డ ఉండగా పెద్ద మోతాదు మందు ఇవ్వకూడదమ్మా, బిడ్డకే ప్రమాదం. పామాయిల్ పండ్ల నుంచి తీసిన ఎర్ర నూనె, రంగు తీయనిది, రోజూ అన్నంలో కలుపుకుని తిను. అందులోదైతే ఒళ్ళు తనకు కావలసినంతే తీసుకుంటుంది. కాన్పయ్యాక కూడా మానొద్దు. నీ కళ్ళకే చాలనప్పుడు నీ పాలలోకి ఎక్కడినుంచి వస్తుంది?"

ఆ ఆఖరి మాట ఆమె మనసులో నాటుకుపోయింది. మొదటి డబ్బా తిన్నప్పుడు చూపు కాస్త తేరుకుంది కూడా. పాప పుట్టాక మళ్ళీ మొదటికొచ్చింది. రోజూ చెంచా తప్పకుండా తింటోంది, రోజూ సాయంత్రం గుడ్డిదవుతోంది. లోపం తనలోనే ఉందని, తను తిన్నది బిడ్డకు అందడం లేదని, పాలిస్తున్నప్పుడల్లా పాప కళ్ళలోకి చూస్తూ లోలోపలే కుమిలిపోయేది.

"ఏమిటి, పొద్దున్నే అత్తాకోడళ్ళ సమావేశం?" అంటూ భర్త బయటికొచ్చాడు. రంగుల దుకాణంలో రంగులు కలపడం అతని పని. అక్కడ అందరూ అతన్ని షేడు అని పిలుస్తారు. పాత గోడ పెచ్చు ఒకటి తెచ్చి చేతిలో పెడితే, అచ్చం అదే రంగు కలిపి డబ్బాలో పోసిస్తాడు. ఇంట్లో కూడా అతని పని దాదాపు అదే. తల్లి కొంచెం కారంగా మాట్లాడితే దాన్ని పలచన చేసి పెళ్ళానికి చెప్తాడు, పెళ్ళాం విసుక్కుంటే దానికి తీపి కలిపి తల్లికి చెప్తాడు. గొడవ అంటే అతనికి పడదు.

"దుప్పటి మీద మరక పోవట్లేదట" అంది భార్య.

"దానికింత ఆలోచనా? పోకపోతే దుప్పటి మొత్తానికీ అదే రంగు వేసిపారేస్తా, మరకే ఉండదు." పాప బుగ్గ గిల్లి, భార్య వైపు చూసి, "మధ్యాహ్నం వచ్చేస్తాను. నేను వచ్చేదాకా తినకు, నేనే కలిపి పెడతాను" అన్నాడు.

అది అతని అలవాటు. తల్లి కాచి ఉంచిన డబ్బాలోంచి నూనెను సీసాలోకి వంపేది అతనే, అన్నంలో చెంచా పోసి కలిపి గదిలోకి తెచ్చి భార్యకు అందించేది అతనే. పక్కింటావిడ దీన్ని చూసి, మొగుడంటే అలా ఉండాలని తన మొగుణ్ణి రోజూ సాధిస్తోంది.

మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికి వచ్చింది. గానుగమ్మ వాకిట్లోకి వెళ్ళి దుప్పటి చూసింది. మరక చెక్కుచెదరలేదు. పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ఆవిడ దాన్ని తిరగేసి చూసింది, గోటితో గీకింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. తరువాత దుప్పటి చంకన పెట్టుకుని గదిలోకి వచ్చింది.

"అమ్మాయ్, నువ్వు తినే నూనె సీసా ఏదీ?"

"అలమరలో ఉందత్తయ్యా. ఏం?"

గానుగమ్మ సీసా తీసి అరచేతిలో చుక్క వేసుకుంది. రెండు చేతులూ రుద్ది వాసన చూసింది. ఇంకోసారి చూసింది. ఆవిడ ముక్కు సంగతి వీధంతటికీ తెలుసు. మూడిళ్ళ అవతల ఎవరి మూకుడులో ఏ నూనె కాగుతోందో కూర్చున్న చోటనుంచే చెప్తుంది.

"వాసన నేను కాచిన నూనెదే" అందావిడ మెల్లగా. "ఎరుపు మాత్రం నూనెది కాదు. నూనె ఎరుపయితే ఈ ఎండకు నిలిచేదే కాదు. దీన్లో ఎవరో రంగు కలిపారు."

కోడలికి రెండో మాట వినబడలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. "కాచిన నూనె అంటే?"

"కాచిన నూనె అంటే కాచిన నూనే. కాన్పయిన వారానికి ఆ నర్సు ఇంటికొచ్చి, శుభ్రమైన నూనె ఇవ్వండమ్మా అని నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది కదా. ఆ రోజునుంచి ప్రతి డబ్బా నేనే శుభ్రం చేస్తున్నాను. పొగ లేచేదాకా కాచి, ఎరుపు మొత్తం విరిగిపోయి నీళ్ళలా తేరితేనే దించుతాను."

"శుభ్రం అంటే ఎరుపు పోగొట్టడమా?"

"మా గానుగలో శుభ్రం చేయడమంటే అదేనే తల్లీ. ఇంకేముంటుంది? ఎర్రగా ఉన్నదాన్ని మేం సబ్బుల వాళ్ళకు అమ్మేవాళ్ళం. అలాంటిది నా కోడలికి, పసిబిడ్డకు పాలిచ్చేదానికి, ఎలా పెడతాననుకున్నావు?"

కోడలు పాపను మంచం మీద పడుకోబెట్టింది. "అత్తయ్యా, ఆ ఎరుపే మందు. అందులోనే విటమిన్ ఉంది. మరిగిస్తే మొత్తం పోతుంది. శుభ్రమైనది అంటే చెత్తాచెదారం లేనిదని ఆవిడ ఉద్దేశం. మీరు ఇన్నాళ్ళూ మందు పారబోసి నాకు ఖాళీ నూనె పెట్టారు."

గానుగమ్మ ముఖం పాలిపోయింది. మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. "నాకెవరూ చెప్పలేదే" అంది. "ఒక్క మాట. ఒక్క మాట ఎవరైనా చెప్పుంటే పొయ్యి అంటించేదాన్నా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు గానుగమ్మకు ఏదో గుర్తొచ్చింది. "ఉండు. ఒకసారి మావాడు క్లినిక్‌కి వెళ్ళొచ్చి అన్నాడు. నర్సు కాచొద్దంటోందమ్మా అని. నూనె గురించి నాకు చెప్పేంత వాళ్ళయ్యారా అని నాకు ఒళ్ళు మండి, ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున వాడే వచ్చి, నర్సు వేరే నూనె సంగతి చెప్పిందట, నేనే పొరబడ్డాను, నీ పని నువ్వు చేసుకో అన్నాడు."

కోడలు సీసా చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో పట్టుకుంది. మొదటి డబ్బాలో నూనెకూ దీనికీ రంగులో వీసమెత్తు తేడా లేదు. అంత బాగా రంగు కలపగలిగినవాడు ఆమెకు తెలిసి ఒక్కడే ఉన్నాడు.

భర్త ఈల వేసుకుంటూ వచ్చాడు. చేతులు కడుక్కుని, పళ్ళెంలో అన్నం పెట్టుకుని సీసా కోసం వెతికాడు. సీసా బల్ల మీద ఉంది. దాని కింద దుప్పటి పరిచి ఉంది, మరక పైకి కనబడేలా. తల్లి ఒకవైపు, భార్య ఒకవైపు.

"ఏంటి, ఇంకా పోలేదా? చెప్పాగా, రంగు వేస్తానని."

"వేశారుగా" అంది భార్య.

పెళ్ళికి ముందునుంచీ ఆమె అతన్ని నువ్వనే పిలుస్తుంది. పదిమందిలో కూడా అంతే. ఎవరేమన్నా మార్చుకోలేదు. ఇవాళ మొదటిసారి ఆమె నోట మీరు అన్న మాట వచ్చింది. అతను ఈల ఆపేశాడు.

"ఏం రంగు కలిపారు? ఇంటికి వేసేదా, వంటకు వేసేదా?"

అతను అబద్ధం కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. "కేకుల్లో వేసేది" అన్నాడు చివరికి. "ఒంటికి ఏమీ చేయదు. అది కనుక్కునే తెచ్చాను."

"అబ్బో. అది కనుక్కున్నారా. మరి నర్సు చెప్పింది మాత్రం గాలికి వదిలేశారా?"

"అలా కాదు. నువ్వు ఒకరోజు నూనె తెల్లగా ఉందేంటని అడిగావు. డబ్బా మారుస్తానని చెప్పి రంగు కలిపాను. అమ్మ కాచిందంటే నువ్వు ఊరుకోవు. కాచొద్దంటే అమ్మ అన్నం మానేస్తుంది. మధ్యలో నేనేం చేయను? కాచినా ఎంతో కొంత సత్తువ మిగిలే ఉంటుందనుకున్నాను. నూనె ఎర్రగా కనబడితే నీకు తృప్తి, కాచితే అమ్మకు తృప్తి. ఇంట్లో గొడవ ఉండదు కదా అని..."

"ఇంకో డబ్బా తెచ్చి దాచిపెట్టొచ్చుగా. నాకు పచ్చి నూనె పెట్టొచ్చుగా."

"అమ్మ ముక్కు సంగతి తెలుసుగా. మూత తీస్తే చాలు, పట్టేస్తుంది."

ఆ మాటకు ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్ళు. ఎవరూ నవ్వలేదు.

"వాసన మారిందేంటని నేను అడిగాను" అంది భార్య. గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "నీకు అలవాటైపోయిందిలే అన్నారు. నమ్మాను. చూపు రావట్లేదని ఏడ్చాను. మీ భుజం మీదే తల పెట్టుకుని ఏడ్చాను. నా ఒంట్లోనే ఏదో లోపం, నా పాలు మంచివి కావు, పాపకు కూడా ఇదే వస్తుందేమో అన్నాను. మీరు నా తల నిమిరారు. ఓపిక పట్టు, తగ్గుతుంది అన్నారు. అన్నీ తెలిసి నిమిరారు. నిన్న నేను పాపతో సహా పడబోయాను. అది చూసి కూడా, వేరే పళ్ళెం తెచ్చి అదే నూనె కలిపి పెట్టారు."

అతను చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు.

"రోజూ మీ చేత్తో తిన్నాను" అందామె. "లోకంలో ఇంకెవరు మోసం చేసినా ఇంత బాధపడేదాన్ని కాదు."

అతను తల్లి వైపు చూశాడు. చిన్నప్పటినుంచీ అదే అలవాటు, చిక్కొస్తే అమ్మ వైపు చూడటం. గానుగమ్మ ఆ చూపును దగ్గరికి రానివ్వలేదు.

"నా వైపు చూడకురా. దానికే కాదు, నాకూ ద్రోహం చేశావు నువ్వు. నేను ఒక పూట అలిగాను, నిజమే. నేను మొండిదాన్నే. అలిగితే రెండు రోజులు అలిగేదాన్ని, తరువాత నేనే తినేదాన్ని. నా మనవరాలి కళ్ళ కంటే నా పంతం ఎక్కువనుకున్నావా? అమ్మకు చెప్తే అర్థం చేసుకోదులే అని నువ్వే తీర్మానించేశావు. నా చేత్తోనే నా కోడలి నోటి దగ్గరి మందు తీయించావు." కొంగుతో ముఖం తుడుచుకుని కోడలి వైపు తిరిగింది. "తల్లీ, కాచింది నేను. నన్ను నువ్వేమన్నా పడతాను."

"మీకు తెలియదత్తయ్యా" అంది కోడలు. "తెలియని వాళ్ళను ఏమంటాం?"

అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తప్పయిపోయిందన్నాడు, ఇంకెప్పుడూ దాచనన్నాడు, పాప మీద ఒట్టన్నాడు. పాప మీద ఒట్టు అనగానే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఒట్లు వద్దు. మీ మాట ఏ రంగులో ఉన్నా ఇక నాకు నమ్మకం లేదు. ఒక పని చేయండి. రోజూ పొద్దుగూకాక, లైట్లు వేయకముందు, ఆ గేటు దగ్గర నిలబడండి. నేను ఈ గుమ్మంలోంచి చూస్తాను. మీ ముఖం నాకు కనబడిన రోజు మాట్లాడుకుందాం."

ఆ సాయంత్రమే గానుగమ్మ తనే వెళ్ళి పచ్చి ఎర్ర నూనె డబ్బా తెచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మూత తీసింది, "సబ్బు నూనె, సబ్బు నూనె" అని గొణుక్కుంటూనే కోడలి అన్నంలో చెంచా పోసింది. తరువాత తన అన్నంలో కూడా పోసుకుంది. ముద్ద నోట్లో పెట్టుకుని, మింగి, "చచ్చిపోం" అంది. కోడలికి ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వొచ్చింది. మర్నాడు అత్తాకోడళ్ళిద్దరూ కలిసి క్లినిక్‌కి వెళ్ళి నర్సుకు జరిగినదంతా చెప్పారు. కాన్పు అయిపోయింది కాబట్టి డాక్టరుతో మాట్లాడి కొలిచిన మందు ఇస్తామని, నూనె మాత్రం మానొద్దని ఆమె చెప్పింది. అత్తగారు నర్సును ఒక్కటే అడిగింది, ఇకమీదట ఎవరింట్లోనైనా శుభ్రం అనే మాట వాడకుండా చెప్పగలరా అని.

అతను రోజూ గేటు దగ్గర నిలబడ్డాడు. పనినుంచి వచ్చి, చేతుల రంగు కూడా కడుక్కోకుండా నిలబడేవాడు. పక్కింటావిడ మొగుడు ఎవరికోసం అని అడిగితే, మా ఆవిడ కోసం అనేవాడు. ఆమె పాపను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చేది, ఒక్క చూపు చూసేది. అక్కడ ఆమెకు చీకటి తప్ప ఏమీ కనబడేది కాదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. కనబడ్డానా అని అడగాలని అతనికి ప్రాణం కొట్టుకునేది, అడిగేవాడు కాదు. ఇంట్లో ఆమె అతనితో అవసరమైన మాటలే మాట్లాడేది, అవి కూడా మీరు అనే. అన్నం ఆమె తనే కలుపుకునేది.

కొన్నాళ్ళకు గేటు దగ్గర నల్లగా ఒక ఆకారం ఉన్నట్టు అనిపించింది ఆమెకు. ఎవరికీ చెప్పలేదు. ఇంకొన్నాళ్ళకు ఆ ఆకారానికి భుజాలు వచ్చాయి. అది కూడా చెప్పలేదు.

ఆ వేళ మబ్బు పట్టి పొద్దు తొందరగా వాలిపోయింది. గానుగమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. కోడలు గుమ్మంలోకి వచ్చింది, చూసింది, వెళ్ళిపోలేదు.

"కొంచెం ముందుకు జరిగారా?"

"లేదు" అన్నాడు అతను గేటు దగ్గరనుంచి. తన మాట చాలదని అతనికే తెలుసు. "అమ్మనడుగు."

"జరగలేదమ్మా" అంది గానుగమ్మ. "నిన్నటికంటే వెనకే ఉన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను."

కోడలు చాలాసేపు అలాగే చూసింది. ముఖం చూసింది. చిక్కిపోయిన బుగ్గలు, గడ్డం, వెలుగులో ఉండగా కూడా ఈ మధ్య తను సరిగ్గా చూడని కళ్ళు.

"పై గుండీ కింది కాజాలో పెట్టుకున్నావు" అంది.

అతను చొక్కా తడుముకున్నాడు. నిజమే. గుండీ సరిచేసుకోలేదు. ఆ చివర 'వు' అన్న ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయి, గేటు ఊచ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. గానుగమ్మ లైటు వేయడానికి లేచి, స్విచ్చు మీద చెయ్యి పెట్టి, వేయకుండానే తీసేసింది.

"ఏడవకు" అంది భార్య. "పాప నిన్నే చూస్తోంది."